తాయెత్తును విప్పు విధము

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాలలో శాకుంతల నాటకమును పాఠముగా చెప్పుచుంటిని. సప్తమాంకము నడచుచున్నది. సింహపుపిల్లతో ఆడుకొనుచున్న బాలుని ముంజేతినుండి రక్షాకరండము జారి నేలపై పడును. ఆ బాలుడు గాని, అతని తల్లిదండ్రులు గాని తప్ప అన్యులు దానిని తాకినచో అది పామై కరచును. దుష్యంతుడు ఆ సంగతి యెరుగక దానిని చేతికెత్తికొనును. రక్ష రక్షగానే యుండును. తాపసస్త్రీలు విస్మయముతో ఒకరి మొగ మొకరు చూచుకొందురు.

ఈ ఘట్టమును వివరించుచు, ముందువరుసలో కూర్చున్న ఒక విద్యార్థి మెడలోని నల్లత్రాటి తాయెత్తును చూపి, "ఇదియు పామగునేమో, ఎవరును తాకకుడు" అని పరిహాసమాడితిని. తరగతి యంతయు నవ్వినది. ఆ పిల్లవాడు నవ్వలేదు. మరునాటినుండి చొక్కా బొత్తాములను గొంతుదాక పెట్టుకొని వచ్చుచుండెను.

వారము దినములు గడచిన పిమ్మట అతడు ఒంటరిగా నా గదికి వచ్చెను. "మాస్టారూ, మా చెల్లెలు జ్వరంతో పోయిందండీ. మూడు రోజులు తాయెత్తు కట్టి చూశారు. నాలుగోనాడు ఆసుపత్రికి తీసుకుపోతే ఆలస్యమైపోయిందన్నారు. ఆ తరువాతనే మా అమ్మ ఇది నాకు కట్టింది. ఇది పనిచేయదని నాకూ తెలుసండీ. తీసేస్తానని మా అమ్మకు ఏమని చెప్పమంటారు?" అని అడిగెను.

నాకు సమాధానము తోచలేదు. ముప్పది యేండ్లుగా పాఠము చెప్పుచున్నవాడను, ఒక పిల్లవాని యెదుట తల వంచుకొంటిని. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు ప్రాచీన జాతులవారు ధరించిన రక్షలను గూర్చి దొరికినంత చదివితిని. ఆ చదువువలన నాకు స్థిరపడిన అభిప్రాయమును ఉపాధ్యాయుల యెదుటను విద్యార్థుల యెదుటను ఉంచుచున్నాను. తాయెత్తును నమ్మరాదు, దానిని కట్టుకొన్నవానిని చూచి నవ్వనురాదు. ఈ రెండును ఒకేసారి పాటించుట సాధ్యమే. మనవంటి చదువుకొన్నవారికి అది విధి కూడ.

మొదట పేరును చూతము. మనము 'రక్ష' అందుము. కాపాడునది యని దాని యర్థము. 'రేకు' అనగా పలుచగా సాగగొట్టిన లోహపు తునక. ప్రాచీన ఈజిప్టు భాషలో తాయెత్తునకు గల పేర్లలో 'మెకెత్', 'సా' అనునవి కాపాడుట యను అర్థమునుండియే పుట్టినవి. 'వెద్జా' అను మరియొక పేరునకు క్షేమమని యర్థము. నైలునది యొడ్డున మాటలాడిన భాషకును మన భాషకును చుట్టరికము లేదు. అయినను భయపడిన మనుష్యుడు రెండు చోట్లను ఒకే అర్థముగల మాటను వెదకికొనెను.

ఈజిప్టువారు వాడినన్ని రక్షలను మరియే ప్రాచీన జాతియు వాడియుండదేమో. క్రీ.శ. 1922 నవంబరులో హోవర్డు కార్టరు తూటంఖామను రాజు సమాధిని కనుగొనెను. 1925లో ఆ దేహమునకు చుట్టిన వస్త్రములను విప్పగా, మడత మడతకు నడుమ 140కి పైగా నగలును రక్షలును బయటపడినవి. అవి పరలోక యాత్రకై అమర్చినవి. బ్రదికియున్నప్పుడు ధరించు రక్షలకును ఆ దేశమున కొరతలేదు. ఆ రాజు సుమారు 19 ఏండ్ల వయస్సుననే మరణించెను. క్రీ.శ. 2010లో ప్రకటితమైన పరిశోధనయందు అతని దేహమున చలిజ్వరమును కలిగించు క్రిమి జాడలు కనబడినవి. ఆ జ్వరమే మరణకారణమని నిర్ణయింప వీలులేదు. కాని బంగారమునకు కొదువలేని ఆ రాజగృహమున ఏ రక్షయు ఒక దోమను గుమ్మము బయట నిలుపలేకపోయినదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఈజిప్టు రక్షలలో ప్రసిద్ధమైనది హోరసు దేవుని నేత్రము. సేతు అను వైరి ఆ కంటిని గాయపరచెను. థోతు అను జ్ఞానదేవత దానిని మాన్పెను. ఆ కంటి పేరునకు 'చెక్కుచెదరనిది' అని యర్థము. ధనవంతులు దానిని బంగారముతోను, పేదలు నీలి మెరుగుగల పింగాణివంటి పదార్థముతోను చేయించుకొనిరి. ఇందొక విశేషమున్నది. ఎన్నడును దెబ్బ తగులని కంటిని వారు రక్షగా ఎన్నుకొనలేదు. దెబ్బతిని మానిన కంటిని ఎన్నుకొనిరి. రోగము తగిలినను మరల కోలుకొందుమను ఆశయే ఆ చిన్ని బిళ్ళలో ఉన్నది.

మరియొకటి పేడపురుగు రూపము. పేడయుండను దొరలించుకొనిపోవు పురుగును చూచి, సూర్యబింబమును ఆకాశమున దొరలించు దేవతను ఊహించిన జాతి అది. పచ్చని రాతితో ఆ పురుగును చెక్కి మృతుని రొమ్ముపై ఉంచెడివారు. దాని యడుగున ఒక మంత్రమును చెక్కుదురు. పరలోకమున న్యాయాధిపతుల యెదుట మృతుని హృదయమును త్రాసులో నొక ఈకకు ఎదురుగా తూచునప్పుడు, "ఓ హృదయమా, నాకు విరోధముగా సాక్ష్యము పలుకకుము" అను ప్రార్థన దాని సారాంశము. పామునకును తేలునకును రక్ష కట్టుకొనుట ఎల్లెడల కలదు. తన మనస్సాక్షినుండి తనను కాపాడుమని రక్ష కట్టుకొనుట ఎంత వింత! ఆ మనుష్యుని భయమునకు మూలము అతని ప్రవర్తనయందే యుండెను. మంత్రము దానిని దాచలేదు సరికదా, రాతిమీద వ్రాసి మనకు అందించినది.

ఈజిప్టులోనే క్రీ.పూ. 10వ శతాబ్ది ప్రాంతమున వాడుకలోనున్న మరియొక రక్ష మన రక్షరేకునకు మిక్కిలి దగ్గర. పొడవైన సన్నని పపైరసు పట్టీమీద దేవతలే పలికినట్లుగా ఒక అభయపత్రమును వ్రాసి, చుట్టగా చుట్టి, చిన్న గొట్టములో పెట్టి మెడలో కట్టెడివారు. వీనిలో పెక్కు పసిపిల్లలకై వ్రాసినవి. తల మొదలు అరికాలివరకు ఏ యే అంగమును కాపాడెదరో దేవతలు వరుసగా మాట యిత్తురు. పాము, తేలు, రోగము, కూలు గోడ, ప్రయాణము మున్నగు అపాయములు పేరు పేరున వచ్చును. మన కవచస్తోత్రములను ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. భాగవతమున పూతన మరణించిన పిమ్మట గోపికలు చిన్నికృష్ణునికి ఆవుతోక త్రిప్పి, అంగాంగమునకు ఒక భగవన్నామము చెప్పి రక్ష చేయుదురు. అప్పుడే రాక్షసి ప్రాణములను త్రాగివేసిన శిశువునకు ఆ రక్ష యేల? పాఠకులకు నవ్వు వచ్చును. కాని గోపికలకు ఆ శిశువు పరమాత్ముడని తెలియదు. తప్పిపోయి దొరికిన పసివాడని మాత్రమే తెలియును. రక్షలు బిడ్డ బలమునుగాక, తల్లి గుండెలోని గుబులును కొలుచునవి.

ఆ గుబులునకు భయంకర రూపమిచ్చినవారు మెసొపొటేమియా ప్రజలు. గర్భిణులను, పురిటి బిడ్డలను కబళించు లమష్టు అను పిశాచి ఉన్నదని వారు నమ్మిరి. దానిని తరుముటకు ఏ సౌమ్యదేవతనో ఆశ్రయింపక, పజుజు అను మరియొక పిశాచమునే పిలిచిరి. నోరు తెరచి, కనుగ్రుడ్లు వెలికురికిన ఆ ముఖమును కంచుతో పోసి గర్భిణులు ధరించిరి. ముల్లును ముల్లుతోనే తీయవలెనను మన సామెత వారికిని తెలిసినట్లున్నది. కట్టుచున్న యింటిపై దిష్టిబొమ్మను వ్రేలాడగట్టు మన మేస్త్రీలు ఆ ముఖమును చూచినచో పరాయిదని అనుకొనరు. పురిటిలో బిడ్డ దక్కునో దక్కదో తెలియని కాలమున, ఆ కంచుముఖము వెనుక ఎందరు తల్లుల నిద్రలేని రాత్రులు ఉన్నవో ఊహింపవలెను.

మన దేశమునకు వత్తము. అథర్వవేదము రెండవ కాండలో జంగిడ మణిని గూర్చిన సూక్తము కలదు. ఇచట మణి యనగా రత్నము కాదు. ఓషధినుండి చేసిన రక్ష. దానితోపాటు జనుమును కూడ ఋషి స్మరించును. ఈ రెంటిలో ఒకటి అడవినుండి, మరియొకటి దున్నిన చేనినుండి వచ్చినదని చెప్పును. అడవియు చేనును రెండును కలిసి మనుష్యుని కాపాడవలెనను భావన ఎంతయో హృద్యము. పందొమ్మిదవ కాండలో ఈ మణినే 'తక్మ' యను జ్వరమును నిర్వీర్యము చేయుమని వేడుదురు. ఆ జ్వరము ఏటేట శరత్తున వచ్చునదట. వానలు వెనుదీసి, గుంటలలో నీరు నిలుచు దినములవి. ఋషి జ్వరము వచ్చు కాలమును సరిగా కనిపెట్టెను. కారణము మాత్రము అతనికి దొరకలేదు. ఆ గుంటలోని నీటిపై తేలు పురుగును జ్వరముతో ముడివేయుటకు ఇంకను వేల యేండ్లు పట్టినది.

అదే జ్వరము రోమునగరమును కూడ పీడించెను. సెరీనస్ సమ్మోనికస్ అను లాటిను రచయిత పద్యరూపమైన తన వైద్యగ్రంథమున దీనికొక ఉపాయము చెప్పెను. 'ఆబ్రకడబ్ర' అను అర్థము లేని మాటను లాటిను లిపిలో వ్రాసిన 11 అక్షరములగును. దానిక్రింద చివరి యక్షరమును విడిచి మరల వ్రాయవలెను. ఇట్లు పంక్తికి ఒక్కొక్క అక్షరము తరుగుచు తుదకు ఒక్క అక్షరమే మిగులును. ఆ కాగితమును నారదారముతో మెడలో కట్టవలెను. అక్షరములు తరిగినట్లే జ్వరమును తరుగునని ఆశ. ఈ మాట పదునాలుగు శతాబ్దులు దాటియు చావలేదు. 1665లో లండను నగరమున ప్లేగు చెలరేగినప్పుడు ప్రజలు దీనిని ధరించిరని డేనియల్ డీఫో 1722లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. కట్టుకొన్నవారిని ప్లేగు విడిచిపెట్టలేదు.

భాషోపాధ్యాయుడనగుటచే ఇచట ఒక మాట చెప్పక తప్పదు. అక్షరమునకు ప్రాణము నిలుపు శక్తి కలదని నమ్మినవారే అక్షరమును లోహమున చెక్కి దాచిరి. 1979లో జెరూసలేము పాతనగరపు చెంత కేతెఫ్ హిన్నోము అనుచోట ఒక సమాధిగుహలో చిటికెనవ్రేలికన్న చిన్నవైన రెండు వెండిరేకుల చుట్టలు దొరికినవి. వానిని విరుగకుండ విప్పుటకే సంవత్సరములు పట్టినది. విప్పి చూడగా, యూదుల పురోహితులు ప్రజలకు పలుకు ఆశీర్వచనము వానిలో కనబడినది. సుమారు క్రీ.పూ. 600 నాటివైన ఆ రేకులు, బైబిలు వాక్యములుగల వ్రాతలలో నేటివరకు దొరికినవానికెల్ల ప్రాచీనములు. ఆ నగరమున ఎన్ని గ్రంథములు కాలిపోయెనో! ఎవరో మెడలో కట్టుకొన్న రెండు రేకులు మాత్రము మిగిలినవి. కావున తాయెత్తు చరిత్రకారునకు పుస్తకము. దానిని విసరిపారవేసినచో ఒక పుటను చించినట్లే.

ఇంతవరకు చెప్పినది చూచి, నేను తాయెత్తును సమర్థించుచున్నానని ఎవరైన తలంచినచో పొరపాటు. అవి పనిచేయవను అనుమానము పూర్వులకే కలిగినది. క్రీ.పూ. 429లో ఏథెన్సు మహమ్మారియందు జబ్బుపడిన పెరిక్లీసు, పలుకరింప వచ్చిన మిత్రునకు తన మెడలో ఆడువారు కట్టిన తాయెత్తును చూపెనని థియోఫ్రాస్టసు చెప్పగా ప్లూటార్కు వ్రాసియుంచెను. ఇట్టి వెఱ్ఱికి కూడ ఒప్పుకొంటినన్నచో నా స్థితి ఎంతవరకు వచ్చినదో తెలిసికొమ్మని అతని భావము. ఈ కథలో నన్ను ఆకర్షించినది మరియొకటి. అతడు దానిని నమ్మలేదు, తెంచి పారవేయనులేదు. కట్టినవారి కంట నీరు అతనికి కనబడియుండును.

మన చరకసంహిత సూత్రస్థానమున చికిత్స మూడు తెరగులని చెప్పబడినది. మంత్రము, మణిధారణము, బలి మున్నగునవి దైవమును ఆశ్రయించునవి. ఆహారమును ఔషధమును ఎంచి యిచ్చుట యుక్తిని ఆశ్రయించునది. మనస్సును అదుపున నుంచుట మూడవది. మణిని మందుతో కలిపివేయక వేరు వరుసలో నిలిపిన ఆ విభజనయే మనకు గొప్ప మేలు. మందును పరీక్షింపవచ్చును, ఫలింపనిచో మార్చవచ్చును. మణి ఫలింపనిచో కట్టినవాని తప్పో, నమ్మనివాని తప్పో అందురేగాని మణి తప్పని ఎన్నడును అనరు.

ఈ భేదమును చూపుటకు చైనా దేశస్థుడైన గె హోంగ్ కథకంటె మంచి యుదాహరణము లేదు. క్రీ.శ. 4వ శతాబ్దివాడైన ఇతడు ఒక గ్రంథమున, కొండలలోనికి పోవువారు దుష్టశక్తులనుండి తప్పించుకొనుటకు ధరింపవలసిన రక్షాచిత్రములను లిఖించెను. మరియొక గ్రంథమున, విడిచి విడిచి వచ్చు జ్వరమునకు చింగ్‌హావ్ అను మొక్కను గుప్పెడు నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసమును త్రాగుమని చెప్పెను. ఒకే చేయి రెంటిని వ్రాసినది. 1970వ దశాబ్ది తొలినాళ్లలో తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు రెండవ మాటను పరీక్షకు పెట్టెను. కాచక నానబెట్టుమన్న సూచనను పట్టుకొని, అధికమైన వేడి తగులకుండ సారమును తీసెను. దానినుండి వచ్చిన ఆర్టెమిసినిను మందు లక్షల ప్రాణములను నిలిపినది. ఆమెకు 2015లో నోబెలు బహుమానము వచ్చినది. రక్షాచిత్రములు పుస్తకమునందే నిలిచిపోయినవి.

ఋషికి దొరకని కారణము మన తెలుగునేలమీదనే దొరికినదని విద్యార్థులకు చెప్పవలెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాసు, చలిజ్వర రోగిని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శినితో చూచి అందు ఆ క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. తూటంఖామను బంగారమును, అథర్వణ ఋషి జంగిడమణియు, రోమను రచయిత అక్షరత్రికోణమును ఏ శత్రువును వెదకినవో ఆ శత్రువు ఆనాడు కంటికి కనబడినది. శత్రువు కనబడిన పిమ్మట కూడ చీకటిలో బాణములు వేయుట తగదు.

తాయెత్తును కట్టు తల్లి వేరు, దానిని అమ్ముకొను వ్యాపారి వేరు. తల్లికి తెలియదు, వ్యాపారికి తెలియును. రోగములను కుదుర్చునని రక్షలను, కవచములను ప్రకటించి సొమ్ము చేసికొనుటను అరికట్టుటకు మన దేశమున 1954లోనే చట్టము చేసిరి. మన కోపమంతయు ఈ రెండవవానిపై ఉండవలసినది. నేను ఆనాడు తరగతిలో వ్యాపారిని చూచి నవ్వలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని చూచి నవ్వితిని.

ఇక సమాధానము. అది నాకు రోమునందే దొరికినది. రోమను బాలునికి పేరుపెట్టినది మొదలు మెడలో 'బుల్లా' అను గుండ్రని రక్షను కట్టెడివారు. కలవారిది బంగారము, లేనివారిది తోలు. సుమారు 16 ఏండ్ల ప్రాయమున, పెద్దవారి వస్త్రమును ధరించు దినమున, ఆ బాలుడు బుల్లాను విప్పి యింటి దేవతలకు సమర్పించును. నాటినుండి అతడు పౌరుడు. దానిని ఎవరును అతని మెడనుండి తెంపరు, ఎవరును నవ్వరు. ఇన్నాళ్లు కాపాడినవారి ప్రేమకు నమస్కరించి, ఇకమీద తన్ను తానే కాపాడుకొందునని తన చేతులతోనే విప్పును. జాతులు కూడ ఇట్లే తమ తాయెత్తులను విప్పుకొనవలెను.

ఆ పిల్లవానిని పిలిచి, ముందు నా పరిహాసమునకు క్షమాపణ చెప్పుకొంటిని. పిమ్మట ఈ కథ చెప్పి యిట్లంటిని: "మీ అమ్మను తీసెయ్యమని అడగవద్దు నాయనా. ఈసారి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదటిరోజే ఆసుపత్రికి పోదామని మాట తీసుకో. తాయెత్తు సంగతి ఆమె చూసుకుంటుంది."

రెండవయేట వర్షాకాలము దాటిన పిమ్మట అతడు మరల నా గదికి వచ్చెను. వాని తమ్మునికి జ్వరము తగిలినదట. తల్లి ఎప్పటివలెనే నల్లత్రాడు కట్టినది. కట్టి, తెల్లవారకముందే బిడ్డను ఎత్తుకొని మొదటి బస్సులో ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించినది. చలిజ్వరమని తేలినది, మందులు వాడిరి, బిడ్డ లేచి తిరుగుచున్నాడు. ఆ తల్లి తాయెత్తును ఇంకను విప్పలేదు. విప్పుమని నేనును కబురు చేయలేదు. ఆనాడు పిల్లవాని చొక్కా పైబొత్తాము పెట్టియుండలేదు. అతని మెడలోని త్రాడు కనబడుచునే యుండెను.